కారుకూ పిట్టగోడ ఉంది

కొత్త ఇల్లు కట్టుకునేవారు పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టించాలని, అది లేక ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఇంటిమీదికే వస్తుందని మోషే ధర్మశాస్త్రం చెబుతుంది (ద్వితీ 22:8). మనం డాబా మీద మిరపకాయలు ఆరబోసుకున్నట్టే ఆనాటివాళ్లు ఇంటికప్పు మీద జనుపకట్టె ఆరబోసుకునేవారు. నా మీద నమ్మకముంటే చాలు, గోడ అక్కర్లేదని దేవుడు అనలేదు. గోడ కట్టమన్నాడు. పొరుగువాని ప్రేమించడమంటే అతని ప్రాణానికి అడ్డుగోడ కట్టడం కూడా!

ఈనాడు కారులోని సీటు బెల్టు అలాంటి పిట్టగోడే. మన గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో కొత్త కారు కొంటే పాస్టరుగారితో ప్రార్థన చేయిస్తాం. వెనక అద్దం మీద 'దేవుని బహుమానం' అని రాయిస్తాం. కన్వెన్షన్‌కైనా, పెళ్లికైనా ప్రార్థన చేశాకే బండి కదులుతుంది. ఎంతో మంచిది. కాని ఆమేన్ అన్నాక బెల్టు పెట్టుకునేవారెందరు? పోలీసులు కనబడితే లాక్కుని, దాటగానే వదిలేసేవారే ఎక్కువ.

2018 ఆగస్టు 29న నందమూరి హరికృష్ణ నల్లగొండ దగ్గర కారు ప్రమాదంలో మరణించారు. అది నార్కట్‌పల్లి-అద్దంకి రహదారి. పిడుగురాళ్ల, నరసరావుపేట మీదుగా మన పత్తి, మిరప చేల మధ్యకు వచ్చే దారే. ఆయన బెల్టు పెట్టుకోలేదని అప్పట్లో వార్తలొచ్చాయి. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలో మరణించిన పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనక సీట్లో ఉన్నారు. ఆయనా బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ఖరీదైన కారైనా బెల్టు చేసే పని చేయలేదు.

కారు హఠాత్తుగా ఆగినా లోపలి మనిషి అదే వేగంతో ముందుకు పడతాడు. వెనక కూర్చున్నవాడు బెల్టు పెట్టుకోకపోతే, ముందు సీట్లోని తల్లినో భార్యనో తన బరువుతోనే నలిపేయగలడు. ఒడిలోని బిడ్డను ఆ క్షణంలో ఏ తల్లి చేతులూ ఆపలేవు. అందుకే 'నా ప్రాణం నా ఇష్టం' అనే హక్కు విశ్వాసికి లేదు. ముందు సీట్లవారికి బెల్టు మరణాపాయాన్ని దాదాపు సగం తగ్గిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

దేవుడే కాపాడతాడు, బెల్టెందుకు అంటారా? దేవాలయ శిఖరం మీద సాతాను యేసుకు చూపించింది కూడా దేవుని కాపుదల వాగ్దానాన్నే. ప్రభువు మాత్రం దూకలేదు. అది దేవుణ్ణి శోధించడమని తెగేసి చెప్పాడు (మత్త 4:5-7). తండ్రిని నమ్మినవాడు ఆయన్ని పరీక్షకు పెట్టడు.

మిరపకోతల కాలంలో ఆటోల్లో, ట్రాక్టర్లలో కిక్కిరిసి వెళ్లే మన కూలీ సోదరీలకు పెట్టుకుందామన్నా బెల్టు లేదు. ఉండీ పక్కకు నెట్టేసే మనం ఏమని సమాధానం చెబుతాం? ఈ ఆదివారం ఆరాధనకు బయలుదేరేముందు బండి నడిపేవారు ఒక్కసారి వెనక్కి తిరిగి అందరి బెల్టులూ చూడండి. ఆ తరువాతే కళ్లు మూసుకుని ప్రార్థన చేయండి.