గట్టు మీద మనిషేడీ?

కార్తీకమాసం వచ్చిందంటే మా మెట్టలో ఉసిరిచెట్టున్న ఏ తోటా ఆదివారం ఖాళీగా దొరకదు. పులిహోర గంగాళాలు, అద్దె కుర్చీలు, పిల్లల పరుగుపందేలు, పెద్దల పేకముక్కలు అన్నీ సాయంత్రం అయిదింటికల్లా సర్దుకుని ఇళ్లకు చేరతాయి. ఈ మధ్య కుర్రాళ్లకి ఇది చాలడం లేదు. రాత్రి కూడా అక్కడే ఉంటామంటున్నారు. ఆన్‌లైన్లో ఓ గుడారం తెప్పించుకుని, బైకు వెనకాల తాడేసి కట్టుకుని, జంగారెడ్డిగూడెం నుంచి కొంగువారిగూడెం దారి పడుతున్నారు. ఎర్రకాలువ జలాశయం ఉన్నది అక్కడే.

"ఇల్లూ వాకిలీ లేనట్టు దోమల్లో పడుకోవడం ఏం సరదారా" అని పెద్దవాళ్లు విసుక్కుంటున్నారు. శివరాత్రికి పట్టిసీమ వెళ్లి ఇసుకలో దుప్పటి పరిచి జాగారం చేసినవాళ్లే ఈ మాట అనడం వింతగా ఉంది. ఆ మాటకొస్తే మా పొగాకు రైతు ఏటా క్యాంపింగే చేస్తాడు. బ్యారన్‌లో ఆకు ఎక్కించాక అది పండి ఆరేదాకా వారం రోజులు, అర్ధరాత్రీ అపరాత్రీ లేకుండా పుల్లలు ఎగదోస్తూ, థర్మామీటరు చూస్తూ, పక్కనే నులకమంచం మీద కునుకు తీస్తాడు. డబ్బిచ్చి మరీ ఆరుబయట పడుకోవడం ఒక్కటే మనకి కొత్త.

నా మట్టుకు నాకు ఆ కుర్రాళ్ల కోరిక న్యాయంగానే కనిపిస్తోంది. ఎర్రకాలువలో పడవ తిరగాలి, నీటి అంచుకి ఎగువన గుడారాలు వెలవాలి. కాకపోతే ముందు రావలసింది పడవ కాదు, కాటేజీలు కాదు, స్వాగత తోరణం అంతకన్నా కాదు. జీతమిచ్చి పెట్టిన మనిషి రావాలి. ఎవరు వచ్చారో రిజిస్టరులో రాసుకుని, రాత్రి ఎందరున్నారో తలలు లెక్కపెట్టి, గేట్లు ఎత్తుతున్నారని కబురొస్తే నిద్రలేపి పంపించే మనిషి. కాలువలకి, తూములకి లస్కర్ అని ఒకడుంటాడు కదా, అలాంటివాడు రేవుకీ ఒకడు కావాలి.

ఎందుకంటే ఎర్రకాలువ మరీ బుల్లి చెరువేమీ కాదు. కాగితాల మీద కరాటం కృష్ణమూర్తి ఎర్రకాలువ జలాశయం. పూర్తి నీటిమట్టం 83.50 మీటర్లు, నాలుగు టీఎంసీల పైచిలుకు పడుతుంది. బుట్టాయగూడెం వైపు మన్యం కొండల వాన దీన్లోకి దిగుతుంది. ఇక్కణ్ణుంచి కిందికి పోయి, గురవాయిగూడెంలో మద్ది ఆంజనేయస్వామి గుడి పక్కగా సాగి, నల్లజర్ల, తాడేపల్లిగూడెం, నిడదవోలు చేల మీదుగా యనమదుర్రులో పడుతుంది. కొండల్లో వాన గట్టిగా పట్టిందంటే ఇక్కడ గేట్లు లేస్తాయి, ఆ వెనకే దిగువ చేలు మునుగుతాయి. 2024 జూలైలో నాట్లేసిన మళ్లు చెరువులై కూర్చున్నది అందుకే. కాబట్టి ఈ నీళ్ల మీద మొదటి హక్కు ఆయకట్టు రైతుది, రెండోది వలేసుకు బతికేవాడిది. షికారుకి వచ్చేవాడు మూడోవాడు. ఈ వరస తిరగబడితే మటుకు నేను ఒప్పుకోను.

జలాశయానికి ఒక పంచాంగం ఉంది. దాన్ని చూడకుండా టూరిజం మాట్లాడేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. ఖరీఫ్ నెలల్లో వరద రోజుకో తీరు, పడవకి పనికిరాదు. కార్తీకానికి వానలు వెనకబడతాయి, నీరు తేరుకుంటుంది, పైగాలి తగ్గుతుంది. అక్కణ్ణుంచి శివరాత్రి దాకా మంచి రోజులు. ఆ తర్వాత పంటకి వదిలేకొద్దీ, ఎండ లాగేసేకొద్దీ నీటి అంచు వెనక్కి జరుగుతుంది. ఏప్రిల్‌కి అంతకుముందు పడవ కట్టిన చోట గేదెలు మేస్తుంటాయి. కాంక్రీటు జెట్టీ కట్టారా, నాలుగు నెలలు నీళ్లలో, మిగతా కాలం బురదలో ఉంటుంది. నీటితోపాటు లేచి దిగే తేలుడు జెట్టీ ఒకటి చాలు. గుడారాలకి చోటు 83.50 మీటర్ల హద్దుకి పైన చూడాలి, అదీ గట్టు మీద మాత్రం కాదు. గట్టు మీద మేకులు దిగ్గొట్టడం, పొయ్యి తవ్వడం మొదలైతే ఆ పక్కన బళ్లు, బళ్ల వెనక బజ్జీల బండి, దాని వెనక సీసాలు. అది మట్టికట్టండీ, కల్యాణమండపం కాదు.

మన పిల్లలు అమెరికా నుంచి పంపే ఫొటోల్లో ఇలాంటి జలాశయాలే ఎక్కువ. డాలస్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు లాంగ్ వీకెండ్ వచ్చిందంటే రే రాబర్ట్స్ లేక్ స్టేట్ పార్కుకి పోతారు. అది దేవుడిచ్చిన సరస్సు కాదు. డాలస్, డెంటన్ ఊళ్ల మంచినీళ్ల కోసం, వరద ఆపడం కోసం సైన్యం తాలూకు ఇంజినీర్లు కట్టిన ఆనకట్ట నీళ్లు. దాని ఒడ్డున టెక్సాస్ రాష్ట్రం పార్కు నడుపుతోంది. ఇలా ఆనకట్టల దగ్గర జనానికి వినోదం ఏర్పాటు చేసుకోవచ్చని అక్కడ 1944 నాటి వరద నియంత్రణ చట్టంలోనే రాసుకున్నారు. ఫొటోలో మనకి కయాకులు, మంటమీద మాంసం కనిపిస్తాయి. కనిపించనివి వేరే ఉన్నాయి. ప్రతి గుడారానికి నంబరున్న స్థలం, ముందే బుకింగు. రాత్రి పదినుంచి పొద్దున్న ఆరుదాకా చప్పుడు చెయ్యకూడదు. పార్కులో బహిరంగంగా మందు తాగకూడదు. చిన్న పడవ కదులుతున్నంతసేపూ పదమూడేళ్లలోపు పిల్లలకి లైఫ్ జాకెట్ ఒంటిమీదే ఉండాలి, ఒళ్లో కాదు. ఈ రూల్సన్నీ మనవాళ్లు అక్కడ కిక్కురుమనకుండా పాటిస్తారు. అదే మనిషి సంక్రాంతికి ఇక్కడికొచ్చి, "జాకెట్ ఎందుకండీ, చెమట" అంటాడు. జాకెట్ వేసుకుంటేగాని పడవ కదలదని చెప్పేవాడు అక్కడ ఉన్నాడు, ఇక్కడ లేడు. నేను చెప్పే తేడా అదొక్కటే.

చెప్పేవాడు లేకపోతే ఏమవుతుందో గోదావరి జిల్లాల వాళ్లకి వేరే వివరించక్కర్లేదు. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. ఐదు లక్షల క్యూసెక్కుల వరదలో పాపికొండలకి బయల్దేరిన రాయల్ వశిష్ట బోటు కచ్చులూరు దగ్గర తిరగబడింది. ఎక్కిన 77 మందిలో బతికి బయటపడ్డది 26 మంది. వాళ్లని లాగింది కూడా ఏ రక్షణ దళమో కాదు, తూటుగుంట ఊరి జనం నాటుపడవల మీద వెళ్లి లాగారు. మునిగిన బోటుని కాకినాడ ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న పైకి తెచ్చేదాకా రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చుంది. దానికి రెండేళ్ల ముందు, 2017 నవంబరు 12న, అది కూడా కార్తీక ఆదివారమే, కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర పడవ మునిగి ఇరవైమందికి పైగా పోయారు. కచ్చులూరు తర్వాత తొమ్మిదిచోట్ల బోటింగ్ కంట్రోల్ రూములు పెట్టారు. గండిపోచమ్మ, పేరంటాలపల్లి, పోచవరం, నాగార్జునసాగర్, శ్రీశైలం లాంటి చోట్ల. మంచిదే. కానీ ఆ తొమ్మిదిలో ఎర్రకాలువ లేదు, తమ్మిలేరు జలాశయమూ లేదు. పెద్ద నదికి కాపలా పెట్టాం కదా, చిన్న నీళ్లకి ఏమవుతుందిలే అనుకున్నట్టుంది.

1917 నాటి పాత చట్టాన్ని తీసేసి కేంద్రం 2021లో కొత్త అంతర్గత నౌకల చట్టం తెచ్చింది. రిజిస్ట్రేషను, సర్వే సర్టిఫికెట్టు, సరంగుకి యోగ్యతా పత్రం, బీమా అన్నీ అందులో ఉన్నాయి. చట్టం బీరువాలో ఉంటుంది, లైఫ్ జాకెట్ రేవులో ఉంటుంది. నేనొక రేవులో ఆ జాకెట్లని పట్టి చూశాను. గోనెసంచిలో కుక్కి, తడి ఆరకుండా ముక్కవాసన కొడుతున్నాయి. జనం వాటిమీద కూర్చునీ కూర్చునీ లోపలి ఫోము అప్పడంలా అణిగిపోయింది. మూడు బకిల్సుండాల్సిన చోట ఒకటే మిగిలింది, మిగతా రెండింటికి పురికొస కట్టారు. ఈల ఉండాల్సిన దారం ఉంది, ఈల లేదు. పిల్లల సైజు అడిగితే "దాన్నే బిగించి కట్టండి" అన్నారు. పెద్దవాళ్ల జాకెట్టు చిన్నపిల్లాడికి ఎంత బిగించినా నీళ్లలో పడగానే అది పైకి తేలుతుంది, పిల్లాడు కిందికి జారతాడు. అది వెయ్యకపోయినా ఒకటే.

జలాశయం నదిలా ఉరకదు కాబట్టి భయం లేదనుకోవడం ఇంకో పొరపాటు. నది ఎదురుగా కనిపించి భయపెడుతుంది, నిలవనీరు ఆ పని చెయ్యదు. ఒకప్పుడు అక్కడ చేలు, చెట్లు ఉండేవి. మొద్దులు ఇంకా అడుగునే ఉన్నాయి, నీరు తగ్గేకొద్దీ పైకి దగ్గరవుతాయి. కట్టకోసం మట్టి తవ్విన గోతులు ఒక అడుగులో మోకాలిలోతు, మరో అడుగులో నిలువులోతు. రేవులో ఈతకి దిగే కుర్రాళ్లు పోయేది ఎక్కువగా వీటిలోనే. పైగా బొచ్చె, శీలావతి కోసం వేసిన వలలున్నాయి. ఇంజన్ పంకాకి వల చుట్టుకుంటే పడవ ఆగుతుంది, జాలరి నెల కష్టం పోతుంది, ఒడ్డున గొడవ మొదలవుతుంది. ఏ మొద్దు ఎక్కడుందో, ఏ వల ఎవరిదో తెలిసినవాడు ఒక్క జాలరే. సరంగుగా వాణ్ణే పెట్టుకోండి. శిక్షణ ఇప్పించి సర్టిఫికెట్టు చేతిలో పెట్టండి. బయటనుంచి కాంట్రాక్టరుని తెచ్చి ఆయన కింద వీణ్ణి కళాసీగా పెట్టకండి.

ఇక గేట్ల సంగతి. 2024 జూలై 18న అశ్వారావుపేట మండలంలోని పెదవాగు ప్రాజెక్టు మట్టికట్ట వరదకి తెగిపోయింది. మనకి పొరుగునే. ఆ నీళ్లు వచ్చిపడ్డది మన ఏలూరు జిల్లా వేలేరుపాడు, కుక్కునూరు మండలాల మీద. ఇళ్లు, పశువులు, చేలు కొట్టుకుపోయాయి. అలాంటి రాత్రి కట్ట దిగువన ఇరవై గుడారాలుంటే ఏమయ్యేదో ఆలోచించండి. గేజీ చదివే ఏఈకీ, రేవులో రిజిస్టరు పట్టుకున్న మనిషికీ మధ్య ఒక ఫోను నంబరు ఉండాలి, అది ఆదివారం రాత్రి రెండింటికి కూడా ఎత్తాలి. పైసా ఖర్చు లేని ఏర్పాటు ఇది. అన్నిటికన్నా కష్టమైనదీ ఇదే.

రాత్రి బసకి ఇంకో శత్రువు కట్లపాము. పగలంతా ఎక్కడో నక్కి, రాత్రి నేలమీద పడుకున్నవాళ్ల పక్కలోకి వస్తుంది. కాటు దోమ కుట్టినట్టే ఉంటుంది, వాపుండదు, నొప్పుండదు, నిద్రలోనే కనురెప్పలు వాలిపోతాయి. అందుకే అడుగుతో కలిపి కుట్టి, జిప్పు మూసుకునే గుడారమే వాడాలి. నాలుగు కర్రలమీద టార్పాలిన్ వేసి క్యాంపింగ్ అంటే కుదరదు. జిప్పు తెరిచి పెట్టి, కాళ్లు బయటికి చాపి, రీల్స్ చూస్తూ పడుకునేవాళ్లకి ఎవరు చెప్పాలి? మళ్లీ ఆ మనిషే. అనుమానం వస్తే నిమిషం ఆగకుండా జంగారెడ్డిగూడెం ఏరియా ఆసుపత్రికి బండెక్కించాల్సిందీ అతనే. రెండు మరుగుదొడ్లు, ఒక బోరు, దీపాలు, మంటకి రాళ్లు పేర్చిన గుంతలు ఉంటే మిగతాది కుర్రాళ్లు చూసుకుంటారు.

ఇంత చిన్న ఏర్పాటు అధికారులకి నచ్చదని నాకు తెలుసు. కోట్లుంటేనే శంకుస్థాపన, శంకుస్థాపన ఉంటేనే ఫొటో. చిన్నవాటికి దారి లేకపోలేదు. గోదావరి అవతల మారేడుమిల్లిలో వాలమూరు వన సంరక్షణ సమితి గిరిజనులే జంగిల్ స్టార్ క్యాంపు నడిపారు, వంట వాళ్లది, కాపలా వాళ్లది, వచ్చిన డబ్బూ వాళ్ల సమితిదే. అడవి తెలిసినవాడే అతిథిని చూసుకున్నాడు. ఎర్రకాలువ చుట్టూ కూడా అలా పని చెయ్యగల కోయ కుర్రాళ్లు, జాలరులు ఉన్నారు. గుబ్బల మంగమ్మ తల్లి దగ్గరికి మంగళవారం, ఆదివారం వెళ్లే జనంలో పదోవంతు ఒకపూట ఇక్కడ ఆగినా వాళ్లకి పని దొరుకుతుంది.

మరి జీతం ఎవరివ్వాలి? నీళ్లు జలవనరుల శాఖవి, చేపలు మత్స్యశాఖవి, పడవ పర్యాటక శాఖది, పక్క కొండ అటవీశాఖది, చెత్త పంచాయతీది. అయిదుగురూ ఒకరినొకరు చూసుకుంటారు. నా సలహా ఒకటుంది. 1997 చట్టం కింద నీటి వినియోగదారుల సంఘాలున్నాయి, వాటికి నిధి పెట్టుకునే వీలుంది, 2024 డిసెంబరులో ఎన్నికలు కూడా జరిగాయి. గుడారానికింత, పడవ టికెట్టుకింత అని వసూలు చేసి ఆ సంఘం ఖాతాలోనే వెయ్యండి. అందులోంచి రేవు మనిషికి జీతం, జాకెట్లకి డబ్బు, మిగిలితే కాలువ పూడికకి. షికారువాడి డబ్బుతో తన కాలువ బాగుపడుతుంటే ఆయకట్టు రైతు గట్టు మీదికి కర్రతో రాడు, కుర్చీ వేసుకుని తనే లెక్క చూసుకుంటాడు. ఈ కార్తీకానికే మొదలెట్టొచ్చు. ముందు పది గుడారాలు, రెండు పడవలు, పిల్లల సైజులో ఇరవై జాకెట్లు. పడవలకన్నా జాకెట్లే ముందు కొనండి.