చర్చికెళ్లే మా అత్త కోయది కాదా?



"డీలిస్టింగ్ మీద నీ మాటేంటన్నా?" అని చాలామంది అడుగుతున్నారు. ముందు మా గూడెం సంగతి వినండి.

మా గూడెంలో చర్చి అంటే తాటాకు పాక, నాలుగు చాపలు, ఒక మైకు. వచ్చేది తొమ్మిది కుటుంబాలు. మా అత్త పదేళ్లుగా పోతోంది. ఎందుకంటే ఆ ఏడు వానల్లో పిల్లోడికి మలేరియా ముదిరింది. వాగు పొంగింది, నర్సు రాలేదు. పాస్టరు వచ్చాడు. తడిబట్టలతో తెల్లారేదాకా పక్కనే కూర్చుని, పొద్దున్నే డోలీకి ఓ పక్క భుజం పట్టాడు. బియ్యం మూటకి అమ్ముడుపోయారని వాట్సాప్‌లో రాసేవాళ్లకి ఆ రాత్రి సంగతి తెలీదు. మన సంఘం వాళ్లం కూడా ఆ రాత్రి పోలేదు, అది కూడా చెప్పుకోవాలి.

అలాగని పాస్టరు గారిని వెనకేసుకు రావట్లేదు. భూమి పండుగకి డోలు కొడితే సైతాను సప్పుడు అంటాడు. ప్రసంగం మొత్తం తెలుగే, ముసలోళ్లకి సగం అర్థం కాదు. ఇదే గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో 19వ శతాబ్దంలో పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్ కోయభాష నేర్చుకున్నాడు. సముద్రం దాటి వచ్చినాయన నేర్చుకుంటే, పక్క మండలం నుంచి బండి మీద వచ్చే ఈయనకి ఏం అడ్డం? మొహం మీదే అడిగాను. నవ్వి ఊరుకున్నాడు.

పోయినేడు మామ చనిపోయాడు. "చర్చోళ్లు మన శ్మశానంలోకి రావద్దు" అని నా వయసు కుర్రాళ్లే అడ్డం నిలబడ్డారు. శవం వాకిట్లో, ఎండ నడినెత్తిన. పటేల్ వచ్చి ఒక్కటే అడిగాడు, "వీడిది ఏ గట్టు?" ఐదో గట్టు అన్నారు. "మరి ఐదో గట్టోడు ఎక్కడికి పోతాడ్రా?" అన్నాడు. డోలు మోగింది, పాస్టరు ప్రార్థన కూడా అయింది.

బస్తర్‌లో ఛింద్‌వాడ ఊళ్లో అలా జరగలేదు. 2025 జనవరిలో ఒక దళిత పాస్టరు శవం దాదాపు మూడు వారాలు మార్చురీలోనే ఉంది. కొడుకు సుప్రీంకోర్టు దాకా పోయాడు. ఇద్దరు జడ్జీలు చెరో మాట అన్నారు, చివరికి ఊరికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని క్రైస్తవ శ్మశానంలో పూడ్చమన్నారు.

ఇక డీలిస్టింగ్. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వులో మతం షరతు ఉంది, ఎస్టీ ఉత్తర్వులో లేదు. మతం మారినంత మాత్రాన తెగ పోదని, తెగ ఆచారాల్లో ఉన్నారా లేదా అన్నది ఒక్కో కేసులో తేల్చాలని 2004లో చంద్రమోహనన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మా అత్త ఆదివారం ఎక్కడికి పోయినా, కొడుక్కి సంబంధం మాత్రం గట్టు చూసే తెచ్చింది. ఇంతకన్నా ఆచారం ఏం కావాలి? రేపు ఆమె సర్టిఫికెట్ తీసేస్తే పోయేది రిజర్వేషన్ ఒక్కటే అనుకుంటున్నారా? ఊరి నడుమ తొమ్మిది కుటుంబాలు గిరిజనేతరులైతే, 1/70 ఉన్న చోట వాళ్ల పట్టాల మీద తగువు మొదలవుతుంది. ఆ భూముల కోసం కాచుకుని కూర్చున్నవాళ్లెవరో మీకు వేరే చెప్పాలా?

కొత్తల పండుగ లోపు మీ మీ ఊళ్లలో గ్రామసభ పెట్టండి. శ్మశానం అందరిదీ అని తీర్మానం రాయించండి. పాస్టర్లనీ పిలవండి, డోలు గురించి వాళ్ల నోటితోనే అందరి ముందూ చెప్పించండి, అదీ కోయలో. మా ఊరి సభకి అత్తని నేనే తీసుకొస్తున్నా.