మొదటి మోతాదు ఇంట్లో మింగవలసినది కాదు

గడచిన వేసవిలో ఒకనాటి రాత్రి తొమ్మిది గంటల వేళ, వరుసకు నా తమ్ముని కుమారుడైన ఒక యువకుడు ఫోను చేశాడు. “పెదనాన్నగారూ, మీ కోడలికి న్యూరాలజిస్టు కొత్త మందు రాశారు. దుకాణంలో తెచ్చాం. భోజనం చేశాక వేసుకోమన్నారు. ఇప్పుడు వేసుకోవచ్చునా?” అని అడిగాడు. మందుల చీటీని ఫొటో తీసి పంపమన్నాను. ఫింగోలిమోడ్ క్యాప్సూలు, 0.5 మిల్లీగ్రాములు, రోజుకు ఒకటి, మూడు నెలలకు. ఆ చీటీలో అంతకు మించి ఒక్క అక్షరం లేదు.

ఇ.సి.జి. తీశారా అని అడిగాను. లేదు. చిన్నతనంలో ఆటలమ్మ పోసిందా అని ఎవరైనా అడిగారా? లేదు. వేరే మందులేమైనా వాడుతున్నదా? “తలనొప్పికి ఎప్పటినుంచో ఒక చిన్న మాత్ర వేసుకుంటున్నదండీ, అది లెక్కలోది కాదు” అన్నాడు. లెక్కలోకి రాని ఆ మాత్ర పేరు ప్రొప్రనొలాల్. పార్శ్వపు తలనొప్పి రాకుండా మన వైద్యులు విరివిగా వ్రాసే మందు అది. గుండె వేగాన్ని తగ్గిస్తుంది. కొత్తగా వ్రాసిన ఫింగోలిమోడ్ కూడ మొదటి మోతాదుతో గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఆ రెండింటినీ ఒకే రాత్రి కడుపులోకి పంపి, దీపమార్పి, పడుకోబోతున్నారు ఆ దంపతులు.

క్యాప్సూలును ముట్టుకోవద్దని చెప్పాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిజం చెప్పాలంటే భయం కంటె కోపమే ఎక్కువగా కలిగింది. ఈ వ్యాసం ఆ కోపం నుంచి పుట్టినదే.

మల్టిపుల్ స్క్లెరోసిస్ గురించి తెలియనివారికి నాలుగు మాటలు. మన రోగరక్షణ వ్యవస్థ శత్రువులను విడిచి, మెదడులోను, వెన్నుపాములోను నాడీతంతువులకు తొడుగుగా ఉండే మయలిన్ పొరపై దాడి చేయడం ఈ వ్యాధి స్వభావం. ఒక కన్ను మసకబారుతుంది, ఒక కాలు తిమ్మిరెక్కి బలహీనమవుతుంది, మూత్రం పట్టు తప్పుతుంది. కొన్ని వారాలకు చాలవరకు సర్దుకుంటుంది. కొన్ని నెలలకో, ఏళ్ళకో తిరగబెడుతుంది. తిరగబెట్టిన ప్రతిసారీ కొంత నష్టం మిగిలిపోవచ్చు. ఇది ఎక్కువగా ఇరవై నుంచి నలభై ఏళ్ళ లోపు వారిలో, పురుషుల కంటె స్త్రీలలో అధికంగా మొదలవుతుంది. ఎనభైల తొలినాళ్ళలో నేను పనిచేసిన తాలూకా ఆసుపత్రికి, చూపు మందగించి, కాలు ఈడుస్తూ ఒక పందొమ్మిదేళ్ళ అమ్మాయి వచ్చింది. పరీక్షించి, హిస్టీరియా అని వ్రాసి పంపించాను. ఎం.ఆర్.ఐ. అప్పుడు మాకు అందుబాటులో లేదన్నది వాస్తవమే కాని, ఆమె కంటి వెనుకభాగాన్ని చూడడానికి నా బల్ల సొరుగులో ఆఫ్తాల్మోస్కోపు ఉంది. తీయలేదు. అందువల్ల ఇతర వైద్యుల తొందరపాటును గురించి వ్రాస్తున్నపుడు నేను ఎత్తయిన పీఠం మీద కూర్చుని వ్రాయడం లేదు.

ఆనాటికీ ఈనాటికీ తేడా ఏమంటే, తిరగబెట్టే రకం వ్యాధిని అదుపులో ఉంచే మందులు నేడు పదికి పైగా ఉన్నాయి. 2010లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందిన ఫింగోలిమోడ్, ఈ వ్యాధికి నోటి ద్వారా తీసుకునే మందులలో అక్కడ అనుమతి పొందిన మొదటిది. మన దేశంలోని కంపెనీలు తయారు చేయడం వల్ల ధర దిగివచ్చి మధ్యతరగతివారికీ అందుతున్నది. అందుకు సంతోషించేవారిలో నేనూ ఒకడిని. నా తగవు మందుతో కాదు. పారాసెటమాల్ చేతికిచ్చినట్లు దీనిని చేతికిచ్చే పద్ధతితో.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే, ఎందుకు జాగ్రత్త పడాలో వేరే చెప్పనక్కరలేదు. రక్తంలోని లింఫోసైట్లు అనే తెల్లకణాలు లసిక గ్రంథులలోనికి వెళ్ళి, తిరిగి రక్తంలోకి వచ్చి సంచరిస్తూంటాయి. ఫింగోలిమోడ్ వాటికి బయటికి వచ్చే ద్వారం మూసివేస్తుంది. లోపలి కణాలు లోపలే ఉండిపోతాయి, మెదడు మీదికి పోయేవి తగ్గుతాయి. అయితే ఆ ద్వారానికి ఉన్న తాళం వంటిదే గుండె లయను నడిపే కణాల మీద కూడ ఉంది. అందువల్ల మొదటి మోతాదు పడిన కొన్ని గంటలకు నాడి నెమ్మదిస్తుంది. సాధారణంగా నాలుగైదు గంటలకు అట్టడుగుకు చేరి, పిదప కోలుకోవడం మొదలుపెడుతుంది. అరుదుగా కొందరిలో గుండె పైగదుల నుంచి క్రిందిగదులకు విద్యుత్ సందేశం అందడంలో అవరోధం ఏర్పడుతుంది.

కనుకనే మొదటి మోతాదును ఆసుపత్రిలో, ఇ.సి.జి. తీసిన తరువాత, పగటిపూట ఇవ్వాలి. ఆరు గంటలపాటు గంటగంటకు నాడిని, రక్తపుపోటును చూడాలి. ఆరవ గంటకు మరల ఇ.సి.జి. తీయాలి. అప్పటికి నాడి నిమిషానికి 45 కంటె తక్కువగా ఉన్నా, ఆ రోజు మొత్తంలో ఆరవ గంటకే అతి తక్కువకు చేరినా ఇంటికి పంపరాదు. గడచిన ఆరు నెలలలో గుండెపోటో, పక్షవాతమో వచ్చినవారికి అసలే ఇవ్వరాదు. ఇది నా చాదస్తం కాదు, మందు పెట్టెలోని కాగితంలో తయారీదారులే అచ్చు వేయించిన నియమం. ఆ కాగితం చీమ తలకాయలంత అక్షరాలతో, ఇంగ్లీషులో ఉంటుంది. మా వాడు దానిని విప్పి కూడ చూడలేదు. విప్పినా ఏమి బోధపడేది?

ఈ విషయమై ఒక పూర్వ సహోద్యోగితో వాదించాను. “ఎంతోమందికి ఇచ్చాము, ఎవరికీ ఏమీ కాలేదు” అన్నాడాయన. నిజమే అయ్యుంటుంది. అత్యధికులకు ఏ ఇబ్బందీ తెలియదు. అందరికీ ప్రమాదం జరిగేదైతే ఆరు గంటల కాపలా ఎందుకు, మందునే నిషేధించేవారు. ఎవరికి జరుగుతుందో ముందుగా చెప్పలేము గనుకనే కాపలా. మత్తుమందు ఇచ్చిన ప్రతిరోగి ప్రక్కనా మత్తువైద్యుడు కూర్చునేది ప్రతివారికీ శ్వాస ఆగిపోతుందని కాదు గదా!

ఇంకొక సంగతి చాలామంది వైద్యులు కూడ మరచిపోతారు. ఈ మొదటి రోజు మళ్ళీ రావచ్చు. మందు మొదలైన తొలి రెండు వారాలలో ఒక్క రోజు తప్పినా, మూడు, నాలుగు వారాలలో ఏడు రోజులకు మించి తప్పినా, నెల దాటిన తరువాత రెండు వారాలకు మించి ఆపినా, తిరిగి మొదలుపెట్టే మోతాదును తొలి మోతాదుగానే భావించి ఆసుపత్రిలో ఇవ్వాలి. సంక్రాంతికి ఊరు వెళ్తూ మందుల సంచి మరచిపోయి, ఇరవై రోజులకు తిరిగి వచ్చి, పోయిన చోటు నుంచి కొనసాగించేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇక ఆటలమ్మ. చల్లని దేశాలలో ఇది దాదాపు పిల్లలందరికీ వచ్చిపోతుంది. మనవంటి వేడి ప్రాంతాలలో పెద్దవయసు వచ్చేవరకు సోకనివారు అంతకంటె ఎక్కువగా ఉంటారు. ఫింగోలిమోడ్ వాడేవారికి అది సోకితే ప్రాణాంతకం కావచ్చు. ఇది ఊహ కాదు. 2010లో ప్రచురితమైన ట్రాన్స్‌ఫార్మ్స్ అధ్యయనంలో 1.25 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవారిలో ఇద్దరు అంటురోగాలతో మరణించారు. ఒకరిది ఒళ్ళంతా, లోపలి అవయవాలతో సహా, వ్యాపించిన ఆటలమ్మ. రెండవది హెర్పిస్ వల్ల వచ్చిన మెదడువాపు. ఇపుడు వాడే మోతాదు అందులో సగం కంటె తక్కువే. అయినా పాఠం పాఠమే. ఆటలమ్మ పోసినట్లు వైద్య ఆధారమో, టీకా వేయించుకున్న ఆధారమో లేనివారికి ముందుగా యాంటీబాడీల పరీక్ష చేయించాలి. అవి లేకపోతే టీకా వేసి, ఒక నెల ఆగి, ఆ తరువాత మందు మొదలుపెట్టాలి. మందు మొదలైన తరువాత ఆ టీకా వేయడానికి వీలుండదు, అది సజీవ వైరసుతో చేసినది గనుక.

మన ఇళ్ళలో మరొక చిక్కు. అమ్మవారు పోసిందని గడపకు వేపమండలు కడతారు గాని, వచ్చేపోయే బంధువులను వద్దనరు, వద్దనడం అపచారమనుకుంటారు. ఆ వేపమండ కనిపించిన గడపను ఈ మందు వాడేవారు దాటరాదు. పొరపాటున దాటితే అదేరోజు తమ వైద్యునికి చెప్పాలి.

కంటి సంగతి క్లుప్తంగా చెబుతాను. కొద్దిమందికి తొలి నాలుగు నెలలలో రెటీనా నడిమి భాగంలో నీరు చేరి చూపు మసకబారుతుంది. మధుమేహం ఉన్నవారికి ఆ ముప్పు హెచ్చు. మధుమేహం లేని ఇల్లు మన ప్రాంతంలో ఏదో వెదకి చూడాలి! మందుకు ముందు ఒకసారి, మూడు నాలుగు నెలలకు మరొకసారి కంటివైద్యుడు చూడాలి. మసక కనిపిస్తే “పాత జబ్బే తిరగబెట్టింది” అని రోగీ, వైద్యుడూ ఊరకుండే ప్రమాదం ఉంది. కాలేయపు పరీక్షలు కూడ మొదట్లోను, ఆ తరువాత క్రమంగాను చేయించాలి.

రక్తపరీక్ష మాత్రం కాస్త వివరంగా చెప్పవలసినది. లింఫోసైట్ల సంఖ్య ఈ మందు వల్ల మునుపటి సంఖ్యలో నాలుగో వంతుకు అటూఇటూగా పడిపోతుంది. ప్రయోగశాల కంప్యూటరు దానిని నల్లని లావు అక్షరాలతో అచ్చు వేస్తుంది. ఏ జ్వరానికో చూపించుకున్న వైద్యుడు దానిని చూసి హడలిపోయి “వెంటనే ఆ మందు ఆపేయండి” అంటాడు. ఆపవలసిన పని లేదు, అది మందు పనిచేస్తున్న గుర్తు. సంఖ్య 200 కంటె దిగువకు పడితే నిర్ణయం తీసుకోవలసినవాడు న్యూరాలజిస్టు. అదే సమయంలో జ్వరం, తగ్గని తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, కొత్తగా తికమక వంటివి ఉంటే ఒక్క పూట కూడ ఇంట్లో ఆగరాదు. శిలీంధ్రాల వల్ల, అరుదైన వైరసుల వల్ల మెదడుకు సోకే వ్యాధులు ఈ మందు వాడేవారిలో కనిపించాయి.

సొంతంగా మానివేయడం మీద నాకు అన్నిటికంటె ఎక్కువ ఆందోళన. 2018 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. ఫింగోలిమోడ్ ఆపిన కొందరిలో వ్యాధి, మందుకు ముందున్న స్థాయిని మించి విజృంభిస్తుందని, చాలావరకు మూడు నెలల లోపున ఇది జరుగుతుందని. ద్వారం తెరిస్తే లోపల నిలిచిపోయిన కణాలన్నీ తిరిగి రక్తంలోకి వస్తాయి మరి. నా ఎరుకలో ఒక ఉపాధ్యాయిని పెళ్ళి కుదిరిన తరువాత, అత్తవారింట మందుల పెట్టె కనబడుతుందని తల్లి చెప్పగా మానివేసింది. పదవ వారంలో రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. స్టీరాయిడ్లతో కొంత కోలుకున్నది గాని, చేతికర్ర మిగిలింది. ఆ తల్లిని నిందించలేను. “మందు వాడే పిల్ల” అంటే పెదవి విరిచే మన సంఘం ఆ మాట ఆమెతో చెప్పించింది.

పెళ్ళయిన, కావలసిన యువతులకు వ్రాసే మందు గనుక ఇంకొక మాట ఆ చీటీలోనే ఉండాలి. గర్భస్థ శిశువుకు హాని కలిగించవచ్చు కనుక ఈ మందు వాడుతున్నంత కాలం గర్భనిరోధం పాటించాలి. బిడ్డను కోరుకుంటే గర్భధారణకు కనీసం రెండు నెలల ముందుగా ఆపాలి. ఆపడమంటే పైన చెప్పిన ప్రమాదం. కనుక ఎప్పుడు, దేనికి మారాలన్నది ఏడాది ముందుగానే వైద్యునితో కూర్చుని ఆలోచించుకోవలసినది. మగ వైద్యుని ముందు ఈ మాట ఎత్తడానికి మన ఆడపిల్లలు సిగ్గుపడతారు. ఎత్తవలసినవాడు వైద్యుడే.

రోగనిరోధకశక్తిని పెంచుతామనే చూర్ణాల వ్యాపారులను విడిచిపెట్టలేను. కరోనా తరువాత వీరు వీధికొకరయ్యారు. ఆ చూర్ణం నిజంగా ఆ శక్తిని పెంచుతుందో లేదో అటుంచుదాం. పెంచేదే నిజమైతే, దారి తప్పిన ఆ శక్తే వ్యాధికి కారణమైన రోగికి అది మేలు ఎలా అవుతుంది? “ఇంగ్లీషు మందు రసాయనం, మాది ప్రకృతి” అంటారు. ఫింగోలిమోడ్ మూలం కూడ ప్రకృతే, కీటకాల మీద పెరిగే ఒక శిలీంధ్రం. జపానులో తెత్సురో ఫుజితా బృందం అందులోని పదార్థాన్ని వేరుచేసి, మార్పులు చేసి ఈ మందును తయారు చేసింది. ప్రకృతి నుంచి వచ్చినదైనా గుండెను నెమ్మదింపజేయడం మానలేదు.

“ఇవన్నీ చెబితే రోగులు బెదిరి మందే వాడరు” అని మా వైద్యులలో కొందరి వాదన. నటలిజుమాబ్ చరిత్ర చూడండి. 2004 నవంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. మెదడును దెబ్బతీసే ఒక వైరసు వ్యాధి కొందరిలో కనిపించగా 2005 ఫిబ్రవరిలో అమ్మకం ఆపివేశారు. 2006లో తిరిగి వచ్చింది. ఎలా వచ్చింది? ముప్పును దాచిపెట్టి కాదు. రోగుల పేర్లు నమోదు చేసి, ప్రతి ఇంజెక్షనుకు ముందు ప్రశ్నలు అడిగి, ఆ ముప్పును విప్పి చెప్పి. ఆ మందు తిరిగి రావాలని గట్టిగా కోరినవారిలో రోగులే ఉన్నారు. బెదిరేది చెప్పినందుకు కాదు, చెప్పకపోతే, తరువాత తెలిసినపుడు.

ఉదయం నూరుమంది రోగులను చూసే వైద్యునికి ఇంత చెప్పే సమయం లేదంటారా? ఒప్పుకుంటాను, నేనూ ఆ గదిలో కూర్చున్నవాడినే. కాని ఒక పుట తెలుగు కాగితం అచ్చు వేయించడానికి ఎంత సమయం కావాలి? పెట్టెలో ఇంగ్లీషు కాగితం మడచిపెట్టగల కంపెనీ తెలుగు కాగితం మడచిపెట్టలేదా? పాత చీటీ చూపగానే మూడేళ్ళుగా మందు ఇస్తున్న దుకాణదారు “రక్తపరీక్ష ఎప్పుడు చేయించారు?” అని ఒక్క ప్రశ్న అడిగితే అతని వ్యాపారం దెబ్బతింటుందా? కొత్త మందు చేతికి రాగానే “మొదటి మోతాదు ఎక్కడ వేసుకోవాలి?” అని మీరు అడగండి. ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

మా కోడలి ప్రొప్రనొలాల్‌ను హఠాత్తుగా ఆపరాదు గనుక, హృద్రోగ నిపుణుని సలహాతో రెండు వారాలలో క్రమంగా తగ్గించి తలనొప్పికి వేరే మందు ఇచ్చారు. యాంటీబాడీలు ఉన్నట్లు పరీక్షలో తేలింది. ఆ తరువాత ఒక శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి ఆసుపత్రిలో మొదటి క్యాప్సూలు మింగింది. పన్నెండున్నరకు నాడి 52కు దిగింది, రెండింటికి 61కి వచ్చింది. ఇ.సి.జి. బాగున్నది. నాలుగింటికి ఇంటికి వచ్చి కాఫీ పెట్టుకున్నదట. కంటి పరీక్ష వచ్చే నెలలో ఉంది.