కొల్లేటి గట్టుపై ధర్మసంకటము

ఉంగుటూరు వద్ద జాతీయ రహదారిని విడిచి నిడమర్రు దిక్కుగా దక్షిణమునకు పోవుకొలది వరిచేలు పలుచబడి, చేపల చెరువుల గట్లు చిక్కబడి, తుదకు ఏది చెరువో ఏది సరస్సో క్రొత్తవానికి తెలియరాని కొల్లేటి నీటిదేశము ఎదురగును. ఈ ప్రాంతమున సేవచేయ వచ్చెడి యువకులను కొందరిని నేనెరుగుదును. పొదుపు సంఘముల పనియనియో, వైద్యశిబిరమనియో, బడి మానిన పిల్లల లెక్కయనియో వచ్చి, లంకగ్రామమున ఒక గది అద్దెకు తీసికొని, ఆరునెలలు తిరుగకమునుపే ఊరివారి భోజనమునకును ఊరివారి రహస్యములకును పాత్రులగుదురు. భోజనముతో చిక్కులేదు.

ఇట్టివాడొకనిని ఊహింతము. ఊరి మత్స్యకార సొసైటీ పేర నున్న చెరువు కాగితములలో మాత్రమే సొసైటీది. సాగుచేయువాడు పట్టణమున నుండెడి పెట్టుబడిదారుడు, ఏటేట సభ్యులకు ముట్టునది లీజు సొమ్ము. అభయారణ్యపు హద్దులోపలనే, ఒక వేసవి రాత్రి, పొక్లెయిను వచ్చి డ్రెయిను నోటికి అడ్డముగా క్రొత్త గట్టు వేసిపోయినది. ఆ గట్టు నిలిచెనా, వానకాలమున ఎగువనున్న కౌలురైతు చేను మునుగును. ఆ లీజు సొమ్ము నిలిచెనా, మనవాడు అద్దెకున్న యింటి ఆడపిల్ల కాలేజీ చదువు సాగును. ఈ సంగతియంతయు అతనికి చెప్పినది ఆ పిల్ల తల్లియే. వంటయింటి గడపమీద కూర్చుండి, తనవాడనుకొని చెప్పినది. అతడేమి చేయవలెను?

సాంఘిక సేవను వృత్తిగా బోధించువారు ఇట్టి ఘట్టములకై నిర్ణయవిధానములను కొన్నిటిని కూర్చినారు. సేవావృత్తిలోని నైతిక నిర్ణయములపై 1982లో తొలిముద్రణము పొందిన గ్రంథమునకు కర్తలైన లోవెన్‌బర్గ్, డాల్గాఫ్ అను నాచార్యుల పేర ప్రసిద్ధమైన సోపానక్రమమున ప్రాణరక్షణ మొదటి మెట్టు, సమానత్వము, స్వేచ్ఛ, వీలైనంత తక్కువ హాని, జీవనపు మేలు అను నవి ఆ దిగువవి, గోప్యత ఆరవది, సత్యకథనము కడపటిది. రెండు ధర్మములు ఢీకొన్నపుడు పై మెట్టుమీదిదే గెలువవలెనని వారి ఏర్పాటు. సత్యమునకు కడపటి పీటయా యని హరిశ్చంద్రుని నాటకము చూచి పెరిగిన మనవారు ముక్కున వ్రేలిడుకొనవచ్చును. కాని ఆ పీట వేసినది మనమే, మున్నే వేసితిమి. కర్ణపర్వమున కృష్ణుడు అర్జునునకు చెప్పిన కౌశికుని వృత్తాంతము జ్ఞప్తికి తెచ్చుకొనుడు: దొంగలకు వెఱచి అడవిలో దాగినవారి జాడ అడిగినంతనే చెప్పివేసి, వారి ప్రాణములు తీయించి, తన సత్యవ్రతముతోనే నరకమునకు పోయిన తాపసుడతడు.

ఈ నిచ్చెనను కొల్లేటి బురదలో నిలుపబోవునప్పటికి మొదటి మెట్టే క్రుంగును. ప్రాణరక్షణ యన్నారు, ఎవరి ప్రాణము? బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు వాగుల నీరంతయు వచ్చి చేరెడిది ఈ కొల్లేటిలోనికే. వెడలెడి దారి ఉప్పుటేరొక్కటే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తిన పిదప ఆ నీరు దిగివచ్చి లంకలకు రాకపోకలను స్తంభింపజేసినది. నీటి దారికి అడ్డమైన గట్టు ఏ ఒక్కనిని చంపినదని సాక్ష్యమియ్యజాలము. దాని హాని వేయిమందికి చిల్లరగా పంచబడును. గట్టు సంగతి బయటపెట్టిన హానియో, ఒక్క ఊరిమీద, ఒక్క రాత్రిలో, టోకున పడును. కనిష్ఠ హాని యనునది కూడికలతో తేలు లెక్కయే యైనచో మనవాడు వెంటనే అధికారికి ఫోను చేయవలసినదే. కాని నాకు చేయి ఆడదు. ఏలయనగా ఈ ఊరికి ఒక పూర్వకథ యున్నది.

1976 ప్రాంతమున, జలగం వెంగళరావుగారి పాలనలో, వడ్డివారికిని దళితులకును సొసైటీలు పెట్టించి సరస్సు గర్భముననే చెరువులు త్రవ్వించి యిచ్చినది ప్రభుత్వమే. 1999లో ఐదవ కాంటూరు (నేల ఎత్తును తెలుపు గీత) వరకు, అనగా 308 చదరపు కిలోమీటర్ల మేర, అభయారణ్యమని ప్రకటించినదియు ప్రభుత్వమే. 2002లో రామ్సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ఖ్యాతి వచ్చినది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేర గట్లు నేలమట్టమైనవి. 2008లో శాసనసభ హద్దును మూడవ కాంటూరునకు తగ్గింపుమని తీర్మానించినది. పిమ్మట కేంద్రము నియమించిన అజీజ్ సంఘము ఐదవ కాంటూరే యుండవలెనన్నది. ఇచ్చిన చేయి, పడగొట్టిన చేయి, మరల ఆశపెట్టిన చేయి ఒక్కటే యైనపుడు, చట్టము తెలియని మూఢులని లంకవారిని తూలనాడుట న్యాయము కాదు. అటులని పెట్టుబడిదారుని లాభమును లంకవాని పేదరికపు ముసుగులో కాపాడుటయు న్యాయము కాదు. ఆ రెంటిని ఒక్కటిగా చూపుటయే బినామీ విద్యలోని చాతుర్యము.

ఇక స్వేచ్ఛ యను మెట్టు. ఊరు తన మంచిచెడ్డలు తానే నిర్ణయించుకొనవలెనందుము. బాగున్నది, అయితే ఊరనగా ఎవరు? సొసైటీ సభ్యులా, సభ్యత్వము దొరకని కూలివారా, మావులు పెట్టి కొరమీను పట్టుకొని బ్రతికిన ముసలివారా, ఎగువ కౌలురైతా? ఆటపాకలో గూళ్లు కట్టెడి పెలికాను పక్షికి ఏ సమావేశమునను ఓటులేదు. ఈ విధానములు ఒక్క సేవకుని యెదుట ఒక్క బాధితుడు కుర్చీలో కూర్చున్నట్లు భావించి కూర్చబడినవని నా అనుమానము. ఊరు కుర్చీలో కూర్చుండదు.

నా అభిప్రాయమేమనగా, ఈ మెట్లను సంకటము వచ్చిన రాత్రి దీపము ముందర పెట్టుకొని లెక్కించుకొనుటకంటె, ఊరిలో అడుగిడిన మొదటి దినముననే రచ్చబండ కడ విప్పి చెప్పుట మేలు. ఏ మాట తనలోనే దాచుకొనునో, ఏ మాట దాచజాలడో, నీటికి అడ్డము, పసిపిల్లల పని, ఆడువారిపై దెబ్బ వంటివి చెవిని పడినచో తానేమి చేయునో ముందుగా తెలిపిన పిమ్మటనే వంటయింటి గడప తొక్కవలెను. భీమడోలు బస్సులో నా ప్రక్కన కూర్చున్న లంక పెద్దాయన ఒకప్పుడు ఇదియే అన్నాడు: “మా మంచికోసమనే అందరూ వస్తారండి బాబూ. మా మాట ఎక్కడ చెప్తారో వచ్చినప్పుడే చెప్పేస్తే, మేం చెప్పాలో లేదో మేం చూసుకుంటాం కదండీ.”

మనవాడు ఆ మాట ముందు చెప్పియుండలేదు. కావున ఆ తల్లి చెప్పిన లీజు సంగతి ఆమె సొత్తే. దానినతడు ఏ కార్యాలయమునకును మోసికొనిపోరాదు. గట్టు మాత్రము ఎవరి రహస్యమును కాదు, కన్నులున్నవానికెల్ల కనబడుచున్నది. ముందుగా సొసైటీ పెద్దలను, ఎగువ రైతును ఒకచోట కూర్చుండబెట్టి, తొలకరికి లోపలనే డ్రెయిను నోరు తెరువుడని అడుగవలెను, గడువు పెట్టవలెను, గడువు దాటినచో గట్టు సంగతి తానే వ్రాసిపంపుదునని వారి ముఖముననే చెప్పవలెను. వారు వినవచ్చును. విననిచో వ్రాయవలెను, క్రింద తన పేరు పెట్టవలెను; ఆ తల్లి అతనిని క్షమింపకపోవచ్చును, గది తాళముచెవి ఆమె చేతిలో పెట్టి, సంచి భుజమున వేసికొని, ఆ సాయంకాలపు బస్సుకే నిలువవలసి రావచ్చును.