ఉప్పూ కారం ఫైలు

‘మావాడు సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నాడు’ అనే మాట వినిపించని వీధి ఇప్పుడు లేదు. ‘అంటే ఏం చేస్తాడు?’ అని ఎవరైనా రెట్టించి అడిగితే మాత్రం చాలామంది తల్లిదండ్రులు తడుముకుంటారు. ఆ మాటకొస్తే పిల్లలకీ చెప్పడం కష్టమే. ఎందుకంటే వాళ్లు చేసే పనిలో పెద్ద భాగం ఎప్పుడో ఎవరో రాసిన ప్రోగ్రామును బాగుచేయడం. వినడానికి చప్పగా ఉంటుంది కదూ! అందులో ఎంత తలనొప్పి ఉందో, ఎంత ఓర్పు కావాలో తెలియాలంటే ఓ చిన్న సంగతి చెప్పుకుందాం.

పప్పు వండే పద్ధతి అందరికీ ఒకటే. ఉప్పూ కారాలే ఇంటికో తీరు. కంప్యూటర్ ప్రోగ్రామూ అంతే. పని చేసే పద్ధతి ఒక్కటే ఉంటుంది. తెర రంగు ఏది, అక్షరాలు ఎంత పెద్దవి, ఏ భాషలో కనిపించాలి అనేవి మాత్రం ఎవరి ఇష్టం వాళ్లది. ప్రతివారి కోసం ప్రోగ్రామును తిరగరాయలేం కాబట్టి ఆ ఇష్టాలన్నిటినీ వేరే ఫైల్లో రాసిపెడతారు. దాన్నే కాన్ఫిగరేషన్ ఫైలు అంటారు.

పాత విండోస్ వాడినవారికి ‘ఐఎన్‌ఐ’ ఫైళ్లు గుర్తుండే ఉంటాయి. చదరపు బ్రాకెట్లలో ఓ శీర్షిక, దాని కింద ‘భాష = తెలుగు’, ‘శబ్దం = తక్కువ’ అన్నట్టు వరుసగా పద్దులు. కిరాణా చీటీ చదవగలిగితే చాలు, దాన్నీ చదవొచ్చు. 1995లో వచ్చిన విండోస్ 95 నుంచి మైక్రోసాఫ్ట్ ఈ పద్దులను ఎక్కువగా ‘రిజిస్ట్రీ’లోకి మార్చేసింది. అయినా ఐఎన్‌ఐ పద్ధతి చావలేదు. సులువైనది అంత తేలిగ్గా పోదు మరి!

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఈ ఫైళ్లను చదివిపెట్టడానికి ‘కాన్ఫిగ్‌పార్సర్’ అనే మాడ్యూల్ ఉంది. ఏళ్ల తరబడి ఎన్నో ప్రోగ్రాములు దానిమీదే ఆధారపడ్డాయి. పని చేసేది, కానీ దానికి కొన్ని పాడు అలవాట్లుండేవి.

ఒకటి, మొహమాటం. ఫైల్లో పైన ‘నిమిషాలు = 30’ అని ఉంది. రెండొందల వరుసల కింద మరొకరు మరిచిపోయి ‘నిమిషాలు = 300’ అని రాశారు. ఏది నిజం? పాత మాడ్యూల్ నోరెత్తకుండా కింద ఉన్నదాన్నే తీసుకునేది. పైన 30 కనిపిస్తోంటే ప్రోగ్రాము 300 ప్రకారం ఎందుకు నడుస్తోందో తెలియక ఉద్యోగి రాత్రంతా జుట్టు పీక్కోవాల్సిందే.

రెండు, దాని లెక్కలో అన్నీ అక్షరాలే. ‘ఫాల్స్’, అంటే ‘వద్దు’ అని రాస్తే అదీ ఓ మాటగానే చేతికొస్తుంది. పైథాన్ దృష్టిలో ఖాళీగా లేని ఏ మాటైనా ‘అవును’ కిందే లెక్క. జాగ్రత్త తెలియనివారు నేరుగా వాడితే ‘వద్దు’ కాస్తా ‘అవును’ అయిపోతుంది! అందుకే అవును, కాదు తేల్చే పద్దులను చదవడానికి విడిగా ఓ ఏర్పాటు పెట్టారు.

మూడు, పర్సెంట్ గుర్తు. ఒక పద్దులో రాసినదాన్ని మరో పద్దులోకి తెచ్చుకోవడానికి % గుర్తు వాడతారు. మంచి సదుపాయమే. కానీ పాస్‌వర్డ్‌లోనే ఆ గుర్తుంటే? మాడ్యూల్ దాన్ని ఆదేశం అనుకుని తికమకపడుతుంది.

2011 ఫిబ్రవరిలో వచ్చిన పైథాన్ 3.2లో ఈ మాడ్యూల్‌కు పెద్ద మరమ్మతు జరిగింది. ఒకే పద్దు రెండుసార్లు కనిపిస్తే ఇప్పుడది మొహమాటపడదు. ‘ఇది రెండుసార్లు ఉంది, ముందు తేల్చండి’ అని ఆగిపోతుంది. ఏదైనా పద్దు లేకపోతే దాని బదులు ఏది వాడాలో ముందే చెప్పి ఉంచొచ్చు. % గుర్తుతో పేచీ వస్తే ఆ సదుపాయాన్ని పూర్తిగా ఆపేయొచ్చు.

ఇంత మంచి చేస్తే అందరూ సంతోషించాలిగా? అక్కడే ఉంది మెలిక. నిన్నటిదాకా ఎలాగోలా నడిచిన తప్పుల ఫైలు, కొత్త మాడ్యూల్ గట్టిగా నిలదీసేసరికి ఆగిపోతుంది. తప్పు ఫైలుదే అయినా తిట్లు మాత్రం బాగుచేసినవాడికే! అందుకే పాతవాళ్లను ఒక్కసారిగా వీధిన పడేయరు. అదే మరమ్మతులో ‘సేఫ్ కాన్ఫిగ్‌పార్సర్’ అనే పాత పేరుకు సెలవు చెబుతున్నామని ప్రకటించారు. నిజంగా తీసేసింది ఎప్పుడో తెలుసా? 2023 అక్టోబరులో, పైథాన్ 3.12లో. అంటే పన్నెండేళ్లు ఆగారు. అయినా ఆ పేరునే పట్టుకుని వేలాడిన కొన్ని ప్యాకేజీలు కొత్త పైథాన్‌లో ఎక్కక మొరాయించాయి. పాత ఒక రోత, కొత్త ఒక వింత అంటాం గానీ, సాఫ్ట్‌వేర్‌లో పాతను వదిలించుకోవడం అంత తేలిక కాదు.

ఇదంతా ఇంజినీర్ల గొడవ, మనకెందుకు అనుకుంటున్నారా? 2024 జులై 19 గుర్తు చేసుకోండి. క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేర్‌కు ఓ కాన్ఫిగరేషన్ అప్‌డేట్ పంపింది. ఆ కొత్త ఫైలు 21 వివరాలు ఉంటాయనుకుంది. కంప్యూటర్లలోని ప్రోగ్రాము ఇచ్చేది 20. లేని ఆ ఒక్కదాన్ని చదవబోయి విండోస్ కుప్పకూలింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం దాదాపు 85 లక్షల కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. విమానాలు ఆగాయి, ఆసుపత్రుల పనులకు అడ్డం పడింది. మన హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ప్రోగ్రామును జాగ్రత్తగా పరీక్షించేవారు కూడా సెట్టింగుల ఫైలే కదా అని తేలిగ్గా తీసుకుంటే ఇంత పనవుతుంది.

ఇందులోంచి ఇంట్లో మనమూ నేర్చుకోవాల్సింది ఉంది. ఫోన్‌లోనో రౌటర్‌లోనో సెట్టింగు మార్చేముందు పాతది ఏముందో కాగితంమీద రాసుకోండి, లేదా ఓ ఫొటో తీసి పెట్టుకోండి. ఒక్కసారి ఒక్కటే మార్చండి. నాలుగు ఒకేసారి మారిస్తే ఏది చెడగొట్టిందో బ్రహ్మదేవుడికీ తెలియదు. ఎందుకు మార్చారో, ఏ తేదీన మార్చారో పక్కన రెండు ముక్కలు రాయండి. ఆర్నెల్ల తర్వాత మీకే పనికొస్తాయి.

ఇక మీ అబ్బాయో అమ్మాయో ‘పాత కోడ్ బాగుచేస్తున్నా’ అంటే, అదేమంత పని అని తీసిపారేయకండి. నడుస్తున్నదాన్ని ఆపకుండా బాగుచేయడం కొత్తది కట్టడం కన్నా కష్టం. ఆ పని సరిగ్గా జరిగిన రోజు ఎవరికీ ఏమీ తెలియదు. రైలు టికెట్ దొరుకుతుంది, బ్యాంకులో డబ్బు పడుతుంది, అంతే.