రాయి తాగిన నూనె

మొన్న మంచిర్యాలలో మా మేనత్త ఇంటికి వెళ్లాను. మూత సరిగా లేని ఆవకాయ జాడీని నేను ఎత్తబోగా, నాపబండల నేల మీద నూనె ఒలికింది. ఎంత తుడిచినా మరక పోలేదు.

"రాయి గూడ నూనె తాగుతది, బిడ్డా! దాని నోరు ఎక్కడున్నదో మాత్రం కనవడదు," అన్నది అత్త.

ఆ నోటి కోసమే శాస్త్రజ్ఞులు వెతుకుతున్నారు. నాపరాయి సున్నపురాయి జాతిది. అందులో వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని రంధ్రాలుంటాయి. మామూలు సూక్ష్మదర్శినికి అవి అందవు. అందుకని పలుచని రాతి బిళ్ల మీదికి న్యూట్రాన్లను వదులుతారు. 1932లో చాడ్విక్ కనిపెట్టిన ఈ కణానికి విద్యుదావేశం లేదు. కనుక రాతిలోకి సులువుగా దూరిపోతుంది. రంధ్రాలు ఎదురైతే రవ్వంత పక్కకు ఒరుగుతుంది. ఎన్ని కణాలు ఎంతెంత ఒరిగినవో లెక్క కడితే రంధ్రాల కొలతలు తెలుస్తాయి. మన దేశంలో ట్రాంబేలోని ధ్రువ రియాక్టరు దగ్గర ఇటువంటి పరికరం ఉన్నది.

ఇందులో ఒక తమాషా ఉన్నది. దాదాపు మూడు పాళ్ల భారజలానికి ఒక పాలు మామూలు నీరు కలిపితే, న్యూట్రానుకు ఆ నీరూ సున్నపురాయీ ఒక్కటిగానే తోస్తాయి. ఆ నీరు చొరబడిన రంధ్రాలు మాయమవుతాయి. ఇంకా కనిపించేవి దారి లేక మూసుకుపోయినవన్న మాట!

ఇది తెలిసి మనకేమిటంటారా? బసంత్‌నగర్‌లో 1969లో, దేవాపూర్‌లో 1982లో సిమెంటు ఫ్యాక్టరీలు వెలసినవి నాటి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల సున్నపురాయిని చూచుకునే. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది. తక్కిన 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలుస్తుంది. భూమిని వేడెక్కిస్తున్నది ఆ వాయువే. దానిని పట్టి, లోతైన రాతిపొరల్లో దాచాలని పలు దేశాల్లో యత్నాలు జరుగుతున్నవి. దాచే పొరలోని రంధ్రాలకు ఒకదాని నుంచి ఒకదానికి దారి ఉండాలి. పైన మూతగా ఉండే పొరలో ఆ దారి ఉండరాదు. లెక్క తప్పితే దాచినదంతా మళ్లీ పైకి వస్తుంది.

ఇదంతా అత్తకు చెప్పాను. ఆమె నేల రుద్దుతూనే విన్నది.

"రాతి కడుపుల నుంచి తీసింది మళ్ల రాతి కడుపులనే పెడతరన్న మాట. మంచిదే బిడ్డా, గని మూత గట్టిగున్నదో లేదో ముందుగాల చూస్కోమను. నీ లెక్క ఎత్తినంక కాదు!"