మన దగ్గరేముందని?



ఇంట్లో మొదటి పట్టా మాదే. ఇప్పుడు కంప్యూటర్స్‌లో పీజీ చేస్తున్నాం. సెలవులకు అరకు వచ్చి నెట్ దొంగల సంగతి ఎత్తితే చాలు, "కొండల్లో ఉన్నోళ్లం, మన దగ్గరేముందని వస్తారు?" అంటారు. ఆ మాట తప్పని మా అభిప్రాయం. దానికి సాక్ష్యం హనీపాట్.

పేరుకు తేనెకుండ. జీసీసీకి తేనె పోసే మనకు ఆ పేరు వింటే నవ్వొస్తుంది గానీ, అది చేసేది వేటలో దీమపు పిట్ట పని. ఒక ఉత్త కంప్యూటర్‌ను నిజమైన సర్వర్‌లా కనిపించేట్టు నెట్‌కు కలిపి వదిలేస్తారు. దానితో ఎవరికీ పని లేదు కనుక, తలుపు తట్టిన ప్రతివాడినీ అనుమానించాల్సిందే. వాడు కొట్టిన ప్రతి అక్షరం లాగ్‌లో నమోదవుతుంది.

1986లో అమెరికాలోని బర్క్‌లీ ల్యాబ్ లెక్కల్లో 75 సెంట్ల తేడా వచ్చింది. మన మెస్ లెక్కలో ముప్పావలా అనుకోండి, ఎవరు పట్టించుకుంటారు? క్లిఫర్డ్ స్టోల్ పట్టించుకున్నారు. దొంగ ఎక్కువసేపు లైన్లో ఉండేలా ఉత్తుత్తి రక్షణ ఫైళ్లు పెట్టి, అతను జర్మనీ నుంచి వస్తున్నాడని తేల్చారు.

మేమూ సార్ అనుమతితో, ల్యాబ్ నెట్‌వర్క్‌కు సంబంధం లేని విడి కనెక్షన్ మీద, కౌరీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టాం. టీ తాగి వచ్చేసరికే ఎవరో 'రూట్' పేరుతో, '123456' పాస్‌వర్డ్‌తో ప్రయత్నించారు. రాత్రంతా అదే తంతు. అలా వచ్చేవి చాలావరకు మనుషులు కావు, ప్రోగ్రాములు. దొరికిన ప్రతి అడ్రసూ తట్టుకుంటూ పోతాయి. అమెరికా బ్యాంకయినా అరకు రూటరయినా వాటికొకటే. మనల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరని ఇన్నాళ్లూ బాధపడ్డాం, ఈ దొంగ మాత్రం తేడా చూపడు!

2016లో మిరాయ్ చేసింది ఇదే. కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనూ రూటర్లనూ లక్షల్లో పట్టుకుని, వాటితోనే ఇతరుల మీద దాడులు చేయించింది. అంటే మన దగ్గర ఏమీ లేకపోయినా మన డబ్బాయే వాడికి కావాలి. 2019లో రెండు తెలుగు రాష్ట్రాల కరెంటు పంపిణీ సంస్థల సర్వర్లకు రాన్సమ్‌వేర్ తగిలిన సంగతి పేపర్లలో చదివే ఉంటారు.

ఒక్క మాట. తేనెకుండ దాడిని చూపిస్తుందే గానీ ఆపదు. దాన్ని హాస్టల్ కంప్యూటర్లకు కలిపితే దొంగకు మనమే నిచ్చెన వేసినట్టు. తమ్ముళ్లూ, ఉత్సాహం కొద్దీ ఆ పని చేయకండి.

సంక్రాంతి సెలవులయ్యాక మొదటి ఆదివారం మా లాగ్ కాగితాలు పట్టుకొస్తాం. పదో తరగతి వాళ్లతో కూర్చుని చదువుదాం. మేము చూసిన ఒక కంప్యూటర్ గదిలో రూటర్ ఇంకా కొన్ననాటి పాస్‌వర్డ్‌తోనే నడుస్తోంది. వార్డెన్ గారు అనుమతిస్తే మన దగ్గర ఉన్నదాన్నీ ఆ రోజే చూద్దాం.